ఆరో అధికరణం, అయిదు శాతం భూమి

వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం వెనుక ఆసియా దేశాల ఉమ్మడి కృషి ఉందన్న సంగతిని మన మహిళా సంఘాలు పెద్దగా పట్టించుకోలేదు. 1993-2002ను వికలాంగుల దశాబ్దంగా ప్రకటించుకున్న ఆసియా-పసిఫిక్ ప్రాంతం నుంచే, 2003 అక్టోబరులో బ్యాంకాక్‌లో, ఒప్పందానికి ఒక ముసాయిదా తయారైంది. తర్వాతి చర్చల్లో వికలాంగ స్త్రీలకు విడిగా ఒక అధికరణం ఉండాలన్నది దక్షిణ కొరియా. అందరిలో స్త్రీలూ ఉన్నారు కదా, విడిగా ఎందుకన్నారు కొందరు. ఈ మాట మనం ఎన్ని వేదికల మీద వినలేదు! చివరికి 2006లో ఆమోదం పొందిన ఒప్పందంలో అది 6వ అధికరణమైంది.

మన దేశం 2007లోనే ఒప్పందానికి ఆమోదముద్ర వేసినా, దానికి తగ్గ చట్టం రావడానికి 2016 దాకా పట్టింది. ఆ చట్టం 37వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పథకాల్లో పంచే వ్యవసాయ భూమిలో, ఇళ్ళలో 5 శాతం, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి దక్కాలి. అందులోనూ స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. జమీందారు భూముల కోసం పోరాడిన చల్లపల్లిలో భూమి విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మరి వికలాంగురాలికి పట్టా అన్న డిమాండు మన సభల్లో ఎందుకు వినబడదు? పింఛను వస్తోందిగా అంటాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో అది 6,000 రూపాయలైంది, మంచిదే. కానీ ఆమె ఉండేది అన్న ఇంట్లోనో తమ్ముడి పంచనో. అక్కడ మాట తేడా వస్తే వెళ్ళడానికి చోటు లేదు. ('దివ్యాంగులు' అని పేరు మార్చడం మాత్రం ఎంత సులువైందో!)

గ్రామసభలో ఇళ్ళస్థలాల జాబితా చదివినప్పుడు ఆ 5 శాతం ఎక్కడుందో, వాళ్ళలో స్త్రీలు ఎందరో మనం నిలబడి అడగాలి. ఆ సభకు ఆమె రాగలిగే దారి ఉందో లేదో ముందురోజే వెళ్ళి చూడాలి.