చక్కెర వ్యాధికి చిన్న సందేశము: ఎవరి మాటలో?

కనియంబాడి పేరు వైద్యలోకమునకు క్రొత్త కాదు. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని వేలూరిలో ఒకే మంచముతో ప్రారంభించిన చికిత్సాలయము నేడు క్రైస్తవ వైద్య కళాశాలయై వెలయుచున్నది. ఆ కళాశాల సమాజారోగ్య శాఖవారు మన కనియంబాడి గ్రామములనే కార్యక్షేత్రముగా చేసికొని పెక్కేండ్లుగా ఇంటింటి ఆరోగ్యమును విచారించుచున్నారు. మాత్రలను గుమ్మముకడకే చేర్చుటకై 2021లో రాష్ట్ర ప్రభుత్వమువారి ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకము కూడ ఏర్పడినది. కావున మందు అందలేదని మనము వగవ నక్కరలేదు.

అయినను మాత్ర మ్రింగుట వేరు, మధుమేహముతో కాపురము చేయుట వేరు. వైద్యుని దర్శనము నెలకు పది నిమిషములు. తక్కిన కాలమంతయు రోగియే తనకు వైద్యుడు. ఆ తక్కిన కాలమున టెలిఫోనుకు వచ్చు చిన్న సందేశము తోడుపడునా?

పడునని చెప్పుటకు ఆధారము కలదు. డాక్టరు ఏ. రామచంద్రన్ గారి బృందమువారు దక్షిణ భారతమున 537 మంది పురుషులను రెండేండ్లు పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. వీరందరును వ్యాధి అంచున నున్నవారు. ఆహారము, నడక గూర్చి తరచు సందేశములు పొందినవారిలో నూటికి 18 మందికిని, పొందనివారిలో 27 మందికిని వ్యాధి కలిగెను. ఇది వ్యాధి రాకుండ కాచిన లెక్కయే గాని, వచ్చినవారిని గూర్చినది కాదు. ఈ భేదమును మరువరాదు.

మన చిక్కు వేరొకటి. మన యిండ్లలో అవ్వ తెలుగు మాటలాడును గాని అక్షరములు రావు. మనుమడు తమిళము చదువును గాని తెలుగు లిపి నెరుగడు. ఫోను మనుమని జేబులో నుండును. సందేశము తమిళమున వచ్చిన అవ్వకు చేరదు. తెలుగున వచ్చిన మనుమడు చదువలేడు. ఎవరిని నిందింతుము? కావున అక్షరములతోపాటు, అవ్వ చెవికి తగులునట్లు తెలుగున పలికిన మాట కూడ పంపవలెనని మా అభిప్రాయము.

అక్షరములకును ఒక యిరుకు కలదు. ఇంగ్లీషు సందేశమున 160 అక్షరములు పట్టగా, మన లిపిలో గుణింతపు గుర్తులతో కలిపి 70 మాత్రమే పట్టును. అందు ఉపన్యాసమునకు చోటు లేదు. ‘అవ్వా, కాళ్లు చూసుకొంటివా?’ అన్నచో చాలును. స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు గదా! రాగిసంగటి ఎంత తిన్నను చక్కెర పెరుగదను నమ్మకము మనలో గట్టిగా నున్నది. రాగియు పిండిపదార్థమే, ముద్ద పెద్దదైన చక్కెరయు పెరుగును. చెమటయు వణుకును పుట్టినచో వెంటనే కొంచెము చక్కెర నోట వేసికొనవలెనన్న మాట అన్నిటికంటె ముందు పోవలెను. మందు మోతాదు మాత్రము సందేశమున చెప్పరాదు; అది వైద్యుని పని.

ఇట్టి మాటలను బయటివారు తర్జుమా చేసి పంపినచో అవి మన వంటింటి తెలుగుగా నుండవు. వానిని మన సంఘమే కూర్చవలెను. మన ఆడబడుచులు తమ యింట అవ్వతో చెప్పునట్టి వాక్యములను కార్డుపై వ్రాసి కార్యాలయమునకు పంపగోరుచున్నాము. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలో వ్రాసినను మేము తెలుగులోనికి ఎత్తి వ్రాసికొందుము. వైద్యుడు చూచి సరియన్న పిదపనే వానిని పంపుదుము.