మన రంగుకూ ఒక లెక్క ఉంది



రెండేళ్ళ కిందట శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో మేము నలుగురం కలిసి వీడియో తీశాం. ఊళ్ళ నుంచి వచ్చిన విద్యుత్ ప్రభలు, త్రికోటేశ్వరుని దర్శనానికి కదిలే జనం, ప్రభ కింద నిలబడ్డ మన హాస్టల్ పిల్లలు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక స్టూడియోలో ఎడిటింగ్ చేయించి మన ఫంక్షన్‌లో వేశాం. మాలో ఒకరి అమ్మ మిరప కోతలకు పోయే మనిషి. తెర మీద చూసి, పక్కనున్న కొడుకుతో "ఎవుర్రా ఆ పిల్లోడు, నీ చొక్కా ఏసుకున్నాడు?" అంది. ఆ పిల్లోడు ఆమె కొడుకే. అందరం నవ్వాం. "మొహాలు కళగా ఉండాలని కాస్త తెల్లగా చేశాం" అన్నారు స్టూడియోవాళ్ళు. ఆ నవ్వు మాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాత కలర్ గ్రేడింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాం. డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో తెలిసిన మొదటి సంగతి, రంగుకు అంకె ఉంటుందని. మామూలు వీడియోలో రెడ్, గ్రీన్, బ్లూ ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా కొలుస్తారు. మా వీడియోలో ఒక తెల్లచొక్కా మీద కొలిస్తే రెడ్ 214, గ్రీన్ 196, బ్లూ 158 వచ్చింది. తెలుపు తెలుపుగా ఉండాలంటే మూడూ దాదాపు సమానంగా ఉండాలి. అంటే పసుపు కమ్మిందన్నమాట. కంటికి ఇది సరిగా తెలియదు. కన్ను కాసేపట్లో ఏ వెలుగుకైనా అలవాటు పడిపోతుంది. పైగా ఒక మానిటర్‌లో ఎర్రగా కనిపించింది ఇంకో మానిటర్‌లో గులాబీగా కనిపిస్తుంది. అంకె మాత్రం మారదు.

పాత సినిమా ల్యాబుల్లోనూ ఇదే పద్ధతి. ప్రతి షాట్‌కూ రెడ్, గ్రీన్, బ్లూ లైట్లను 1 నుంచి 50 లోపు అంకెల్లో రాసుకుని ప్రింటు వేసేవారు. మన జాతీయ జెండా కాషాయం కూడా ఎవరికి తోచినట్టు వారు వేసేది కాదు. 1951లో వచ్చిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1లో దాని రంగును కొలతలతో నిర్ణయించారు.

చర్మం రంగును చూసుకోవడానికి వెక్టర్‌స్కోప్ అనే గుండ్రటి చక్రం ఉంది. అందులో ఒక గీత ఉంటుంది. సరైన వెలుతురులో తీస్తే నల్లని మొహమైనా, చామనఛాయ అయినా, తెల్లనిదైనా దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. తేడా ఎక్కువగా వెలుగు పాలులోనే. అంటే నల్లని మొహంలో సరిదిద్దాల్సిన తప్పేమీ లేదు. స్టూడియోలో చేసిందల్లా వెలుగు పెంచి గులాబీ కలపడం. అది దిద్దడం కాదు, మనిషిని మార్చడం.

అయితే అంకె ఉంటే న్యాయం జరిగిపోతుందని మేము అనడం లేదు. కొడాక్ కంపెనీ 1950ల నుంచి ల్యాబులకు షర్లీ కార్డు అని ఒక ఫోటో పంపేది. అందులో ఉన్నది తెల్లజాతి యువతి. ఆమె మొహం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టే లెక్క. కొలత ఖచ్చితమైనదే, కానీ కొలబద్దగా పెట్టుకున్న మొహం ఒక్కటే. రకరకాల రంగుల మనుషులతో కార్డులు రావడానికి 1990ల దాకా పట్టింది. 2022లో హార్వర్డ్ ఆచార్యుడు ఎలిస్ మంక్‌తో కలిసి గూగుల్ పది ఛాయల చర్మపు స్కేలును విడుదల చేసింది. కాబట్టి ఎవరి మొహాన్ని కొలబద్దగా పెట్టుకుంటామన్నది కూడా ముఖ్యమే.

"తిరునాళ్ళలో ప్రభ వెలుగు పడి మొహం ఎర్రగానే ఉంటుంది కదా, దాన్నీ తీసేస్తారా?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. తీయకూడదు. ప్రభ ఎరుపు అక్కడి నిజం. కెమెరా ఆటోలో ఉండి షాటుకో రకంగా మార్చేసిన పసుపును మాత్రం తీయాలి. ఎరుపు 255 తాకిపోయిన చోట మొహంలో వివరం పోతుంది, తర్వాత ఎంత దిద్దినా తిరిగి రాదు. అందుకే తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించుకోవాలి.

ఇకపై మన హాస్టల్ వీడియోకు మేము కోరేది ఇంతే. తీసేముందు ఒక బూడిదరంగు కార్డు గానీ తెల్లకాగితం గానీ పట్టుకుని ఒక షాట్ తీయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేయకండి. దిద్దిన అంకెలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టి వచ్చే ఏడాది పిల్లలకు ఇవ్వండి. చివరగా, వీడియోలో ఉన్నవాళ్ళనే పక్కన కూర్చోబెట్టుకుని "ఇది నువ్వేనా?" అని అడగండి.

మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. గోడకు తగిలించిన మొదటి పట్టా ఫోటో కూడా మాదే. రేపు మా చెల్లెళ్ళు, తమ్ముళ్ళు చూసి చదువుకోవాల్సింది ఆ ఫోటోనే. అందులో ఉన్నది తమలాంటి మొహమేనని వాళ్ళకు తెలియాలి.