ఇల్లంటే ఇఖామా కాదు

"పైసల కోసం పోయినవ్, పైసలు తెచ్చుకున్నవ్. ఇంకేం గిల్లా నీకు?"

మొన్న జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ గేటు దగ్గర మా మహల్లా పెద్దాయన అడిగిన సవాల్ ఇది. చాచాకు అక్కడే జవాబు చెప్పలేదు. బుజుర్గ్ కదా అని ఊరుకున్నాను. ఆ సవాల్ ఆయన ఒక్కడిదే కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

మాది నిజామాబాద్. చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో జుగ్రాఫియా కితాబ్ తెరిస్తే నా వేలు ముందు అరబ్ నక్షా మీదికే పోయేది. మా మామూ జిద్దాలో ఉండేవాడు. రెండేళ్లకోసారి చుట్టీ మీద వచ్చి పెట్టె తెరిస్తే ఇల్లంతా అత్తర్ వాసన. టాంగ్ డబ్బా, ఖజూర్, పూల కంబళ్లు, జమ్‌జమ్ డబ్బా. అందరూ సామాన్ చుట్టూ మూగితే నేను మామూ చుట్టూ తిరిగేవాణ్ణి. అక్కడ వాన పడుతుందా మామూ? కాకులుంటాయా? ఎర్ర సముద్రం నిజంగా ఎర్రగా ఉంటుందా? విసుగొచ్చి ఆయన అనేవాడు: "బడా హోకే జాకే దేఖ్ లే బేటా."

పెద్దయ్యాను. తెలుగులో డిగ్రీ చేశాను. 2002లో ఒక అఖ్బార్ నౌకరీ మీద జిద్దా పోయి చూశాను. సముద్రం నీలంగానే ఉంది. కాకులు మన ఊరి కాకులే. పరాయి ముల్క్ అనుకుని దిగినవాణ్ణి, పదిహేడేళ్లు ఉన్నాను. అజీజియాలో మూడో అంతస్తులో కిరాయి ఫ్లాట్. ఖాతా మీద పాలు, ఖుబ్జ్ ఇచ్చే బఖాలా అతను. జుమా సాయంత్రం కార్నిష్ మీద చాప పరుచుకుని తినే బిర్యానీ. పెద్ద బిడ్డ అక్కడే పుట్టింది, తర్వాత ఇద్దరు కొడుకులు. అది నన్ను అడిగేది: అబ్బా, హిందుస్తాన్‌లో బర్రెలు రోడ్డు మీద తిరుగుతాయట, సచ్చా? నా బచ్‌పన్‌లో జిద్దా ఎంత దూరమో, దాని బచ్‌పన్‌లో నిజామాబాద్ అంత దూరం.

2017 జూలైలో సౌదీ హుకూమత్ కొత్త ఫీజు పెట్టింది. పరదేశీ తన మీద ఆధారపడ్డ ఒక్కొక్కరికి నెలకు 100 రియాల్ కట్టాలి. ఏటా ఇంకో 100 పెరుగుతూ 2020 నాటికి 400. ఇఖామా రెన్యువల్ అప్పుడు ఏడాదిది ముందే కట్టాలి. బీవీ, ముగ్గురు పిల్లలు. మొదటి ఏడాది 4,800 రియాల్, రెండో ఏడాది 9,600, నాలుగో ఏడాదికి 19,200. నా తన్ఖా నెలకు 4,500. హిసాబ్ మీరే చేసుకోండి. 2018లో బీవీ పిల్లలకు ఖురూజ్ నిహాయీ వేయించి పంపేశాను. మరుసటి ఏడాది నేనూ వచ్చేశాను. మా బిల్డింగ్‌లో మాలాంటి ఖాందాన్‌లు ఒకదాని వెనుక ఒకటి సామాన్ అమ్ముకున్నాయి. ఆ 2019లోనే అదే హుకూమత్ ప్రీమియం ఇఖామా తెచ్చింది. 8 లక్షల రియాల్ ఒకేసారి కడితే కఫీల్ లేకుండా ఎన్నాళ్లయినా ఉండొచ్చు. అంటే అక్కడ ఇల్లు దొరకదని కాదు. దానికి ధర కట్టారు, మా పదిహేడేళ్ల మెహనత్‌ను మాత్రం ఆ ధరలో జమ వేసుకోలేదు.

ఈ మాట అంటే మనవాళ్లే తౌబా తౌబా అంటారు. పాక్ జమీన్ మీద షికాయత్ చేస్తే గునా అట! కాబా అల్లాహ్ ఇల్లు. ఇఖామా ఫీజు సర్కార్ హుకుం. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు హరమ్ ఇజ్జత్ పెంచడం లేదు, ఒక సర్కార్‌కు హరమ్‌ను పర్దాగా కప్పుతున్నారు.

ఏ ముల్క్ అయినా ముందు తన పిల్లలకు నౌకరీ ఇచ్చుకోవాలి కదా అనేవాళ్లున్నారు. ఆ మాట జాయజ్. నా కుర్సీ ఒక సౌదీ కుర్రాడికి ఇస్తే నేను నోరెత్తను. కానీ ఆరో క్లాసు చదివే పిల్ల ఎవరి నౌకరీ లాక్కుంది? దాని తల మీద నెలకు ఇంత అని ఎందుకు కట్టాలి?

ఇక ఇక్కడ, టీవీలో మాకు "మీ అరబ్ దేశానికి పొండి" అని చెప్పే సాబ్‌లకు ఒక ఖబర్. అరబ్బులు మమ్మల్ని పిలిచే పేరు "హిందీ". హిందువైనా ముసల్మాన్ అయినా క్రైస్తవుడైనా వాళ్లకు హిందీనే. పదిహేడేళ్లు రోజూ ఆ పేరుతో పలికాను. మీరు ఇవ్వడానికి జంకే సర్టిఫికెట్ వాళ్లు ముఫ్త్‌గా ఇచ్చారు.

అదే సముద్రం దాటి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. నిజాం ఫౌజ్‌లో నౌకరీకి యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి అరబ్బులు హైదరాబాద్ వచ్చారు. వాళ్ల బ్యారక్స్ ఉన్న చోటే ఇవాళ్టి బార్కస్. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ముసీబత్ పడ్డారు, అయినా చాలామంది ఇక్కడే ఉండిపోయారు. ఇవాళ బార్కస్ లేని హైదరాబాద్‌ను ఊహించగలరా? నౌకరీకి వచ్చినవాడికి ఆ ఊరే ఇల్లవుతుందనడానికి ఇంతకంటే సబూత్ ఏం కావాలి?

మన సర్కార్ కూడా తక్కువేం కాదు. 2010లో చట్టం మార్చి విదేశాల్లో ఉన్న భారతీయులకు ఓటు ఇచ్చారు. షర్త్ ఏంటంటే పోలింగ్ రోజు సొంత ఊరి బూత్‌కు మనిషే రావాలి. ఆ ఒక్క రోజుకు టికెట్ కొనుక్కుని జిద్దా నుంచి నిజామాబాద్‌కు ఏ కూలీ వస్తాడు? వాపస్ వచ్చాక ఇక్కడ ఒక స్కూల్‌వాళ్లు, మా బిడ్డకు తెలుగు రాయడం రాదని రెండు క్లాసులు కిందికి వేస్తామన్నారు. తెలుగు డిగ్రీ చేసిన నేను ఆ ఆఫీసులో తల దించుకుని కూర్చున్నాను.

నేను సౌదీ పాస్‌పోర్ట్ అడగడం లేదు. అక్కడ పుట్టిన పిల్లలు అక్కడే బడి పూర్తి చేసేదాకా తల మీద ఫీజు వద్దంటున్నాను. పదిహేనేళ్లు కానూన్ ప్రకారం బతికిన మనిషికి, కఫీల్ దయ మీద కాకుండా, తన హక్కుగా ఉండే వీలు ఇవ్వమంటున్నాను. ఇక్కడ, వాపస్ వచ్చిన పిల్లలకు క్లాసు తగ్గించకుండా తెలుగు నేర్పమంటున్నాను. అక్కడ ఉన్నవాళ్ల ఓటు అక్కడే వేయించుకోమంటున్నాను.

మా బిడ్డ ఇప్పుడు బర్రెలను చూసి ఆశ్చర్యపోదు. తెలుగు నాకంటే గబగబా మాట్లాడుతుంది. వచ్చిన మొదటి రంజాన్‌లో మాత్రం రోజూ ఇఫ్తార్ అయ్యాక అడిగేది, "ఘర్ కబ్ జారే అబ్బా?" అని. కూర్చున్నది మా అబ్బా కట్టిన సొంత ఇంట్లో. ఇప్పుడు అడగడం మానేసింది. కానీ ఇవాళ్టికీ అది "ఘర్ కే పాస్" అంటే అజీజియా అనే మేమంతా అర్థం చేసుకుంటాం.

చాచా, మీ సవాల్‌కు జవాబు ఇదే. అవును, పైసలు తెచ్చుకున్నాను. మా బిడ్డ ఇల్లు మాత్రం అక్కడే ఉండిపోయింది. నా గిల్లా దాని గురించి.