ఆదివారము ఏమైనట్లు?

శనివారము రాత్రి 8 గంటల 30 నిమిషములకు విమానమెక్కి 17 గంటల పైచిలుకు ప్రయాణము చేసినవాడు ఎప్పుడు దిగును? ఆదివారము మధ్యాహ్నమని మన ఇండ్లలో పసిపిల్లలు సైతము చెప్పుదురు. మేమును అట్లే చెప్పి నలుగురిలో తల వంచుకొన్నాము.

2021 జనవరి 9వ తేదీ శనివారము రాత్రి ఎయిరిండియా విమానమొకటి సాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, ఎక్కడను ఆగక, 11వ తేదీ సోమవారము తెల్లవారుజామున మన బెంగళూరులో దిగినది. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్షా సోనావరే, శివానీ మన్హాస్ అను నలుగురు స్త్రీలు దానిని నడిపినారు. దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. ఇచటినుండి హైదరాబాదుకు రోడ్డుమీద 570 చిల్లర గదా, దానికి ఇరవైనాలుగు రెట్లు.

గోడపటము చూచిన ఈ దారి అంతుపట్టదు. పిల్లల గ్లోబు తెచ్చి, రెండు ఊళ్ళ నడుమ దారము బిగించి పట్టి చూడుడు. దారము ఉత్తర ధ్రువము చేరువగా పోవును. సాన్‌ఫ్రాన్సిస్కో మనకు ఇంచుమించు భూమికి ఆవలి ప్రక్కన ఉన్నది గనుక నడినెత్తిమీదుగా దాటుటయే దగ్గర. ఆ విమానము వచ్చినదియు ఆ త్రోవనే. గాలివాటును బట్టి దారియు, గంటలును మారుచుండును.

దూరము సంగతి సరే, మమ్ము మోసగించినది గడియారము.

ఆ తరువాత ఒక చలికాలమున, శుక్రవారము, మా బావగారు పోయినారు. అక్కయ్యకు ఒక్కడే కొడుకు. వానికి అక్కడ ఉద్యోగము. శనివారము రాత్రి నేరుగా వచ్చు విమానమునకు టిక్కెట్టు దొరికినదని వాడు చెప్పగానే, లెక్కలు వ్రాయు చేయి ఊరకుండునా? కాగితముమీద 17 కూడి, "రేపు మధ్యాహ్నము రెండింటికి దిగును" అని పెద్దలకు చెప్పితిమి. సాయంకాలము నాలుగున్నరకు దహనమని వారు నిశ్చయించి పురోహితునికి, కోలారు, హోసూరు బంధువులకు కబురంపినారు.

ఆదివారము ఉదయము పదింటికి ఫోను మ్రోగినది. "మామయ్యా, విమానంలో కూర్చున్నాను. తలుపులు వేస్తున్నారు."

మాకు నోట మాట రాలేదు. అక్కడి శనివారము రాత్రి ఎనిమిదిన్నర, ఇక్కడి ఆదివారము ఉదయము పది! 17 గంటలు అప్పటినుండి లెక్కింపవలెను. దిగి, సామాను తీసికొని, దేవనహళ్ళినుండి ఇల్లు చేరుటకు మరి రెండు గంటలు.

ఇంకొక రాత్రి ఉంచరాదని పెద్దలలో ఒకరన్నారు. అక్కయ్య మమ్ము ఒక్క మాట అనలేదు. "వాడు వచ్చేదాకా ఉంచండి" అని బావగారి తలదాపున కూర్చున్నది. మంచుపెట్టెకు మరొక దినము బాడుగ కట్టి, బంధువులకు మేమే ఫోనులు చేసి తప్పు ఒప్పుకొన్నాము. అప్పటికే వచ్చినవారిలో సగము మంది సాయంకాలమే వెళ్ళిపోయినారు. సోమవారము ఉదయము ఆరింటికి వాడు గుమ్మములో చెప్పులు విడిచినాడు.

అక్కయ్య వంటింటి క్యాలెండరు ప్రక్కన ఇప్పుడొక చీటీ ఉన్నది, మా చేతివ్రాతయే. కాలిఫోర్నియా వేళకు చలికాలమున 13 గంటల 30 నిమిషములు కలిపిన మన వేళ వచ్చును. మార్చి నడుమనుండి నవంబరు మొదటివరకు వారు గడియారము ఒక గంట ముందుకు త్రిప్పుకొందురు గనుక, అప్పుడు 12 గంటల 30 నిమిషములు చాలును. పిల్లలు అక్కడ ఉన్నవారు ఎత్తి వ్రాసికొనవచ్చును. టిక్కెట్టు కొన్నప్పుడు ఎన్ని గంటల ప్రయాణమని అడుగక, దిగు తేదీ, వేళ మన గడియారము ప్రకారము ఎంత అని అడుగుడు.

చీటీ ఉన్నను, కొడుకుకు ఫోను చేయుటకు ముందు అక్కయ్య మమ్మే అడుగుచున్నది: "తమ్ముడూ, అక్కడ ఇప్పుడు ఏ రోజురా?"