రైతంటే ఎవరు?

రైతు చేతికి నేరుగా డబ్బివ్వాలన్న ఆలోచనను నేను కాదనను. వడ్డీవ్యాపారి గడప తొక్కకుండా విత్తనాలు, ఎరువులు కొనుక్కోగలగడం చిన్న విషయం కాదు. అయితే ఈ పథకాలు ఎవరిని రైతుగా గుర్తిస్తున్నాయన్నది మనం అడగవలసిన ప్రశ్న.

తెలంగాణలో 2018 మేలో మొదలైన రైతుబంధు పంటకు ఎకరానికి 4,000 రూపాయలిచ్చింది. మరుసటి ఏడాది దాన్ని 5,000 చేశారు. 2025 జనవరిలో రైతు భరోసా పేరుతో ఏడాదికి ఎకరానికి 12,000 అన్నారు. కేంద్రం 2019లో పి.ఎం. కిసాన్ ప్రారంభించి, భూమి ఉన్న కుటుంబానికి ఏడాదికి 6,000 ఇవ్వసాగింది. పేర్లు, మొత్తాలు, ప్రభుత్వాలు మారినా ఒక సూత్రం మాత్రం మారలేదు. డబ్బు వెళ్ళేది భూమి కాగితంలో పేరున్న వారి ఖాతాకే.

మరి ఆ కాగితంలో స్త్రీలెక్కడ? 2023-24 శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో పనిచేసే ప్రతి వంద మంది స్త్రీలలో దాదాపు 77 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణనలో స్త్రీల పేరున నమోదైన కమతాలు 14 శాతం, విస్తీర్ణంలో 12 శాతం లోపే. 2025 ఫిబ్రవరిలో పి.ఎం. కిసాన్ అందుకున్న 9.8 కోట్ల మందిలో స్త్రీలు 2.41 కోట్లు.

నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది స్త్రీలే. అయినా పల్లెల్లో "నువ్వేం చేస్తావమ్మా?" అని అడిగితే, సొంత చేనులో పొద్దంతా వంగి పనిచేసే మనిషి కూడా "మా ఆయన రైతు, నేను పనికి పోత" అనే జవాబు చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆమెకు రైతునని చెప్పుకునే హక్కు కూడా లేకుండా చేసిన పితృస్వామ్యానికి ఈ పథకాలు ప్రభుత్వ ముద్ర వేస్తున్నాయి.

ఇంటికి వచ్చిన డబ్బు ఆమెది కూడా కదా అనేవాళ్ళున్నారు. ఇల్లు ఒక్క మనసుతో నడుస్తుందన్న భ్రమ మనకెప్పుడో పోయింది. పైగా భర్త చనిపోతే ఏమవుతుందో చూడండి. పట్టా మార్పుకు 2020 నాటి తెలంగాణ చట్టం వారసులందరి ఉమ్మడి అంగీకారం అడిగింది. భూమి ఇంకా మామ పేరునే ఉంటే బావలు, మరుదులు సంతకాలు పెట్టాలి. అంతదాకా ఆమె దున్నుతుంది, డబ్బు మాత్రం రాదు.

నోటిమాట మీద కౌలు చేసే ఒంటరి స్త్రీ పరిస్థితి ఇంకా కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానంది, కానీ యజమాని సంతకం కావాలంది. తెలంగాణలో ధరణితో రికార్డుల్లో అనుభవదారు కాలమే తీసేశారు. కౌలు యజమానికి, సాయమూ యజమానికే, అప్పు మాత్రం ఆమెకు.

ప్రభుత్వానికి స్త్రీ పేరు రాయడం చేతకాదా? 2014లో తెలంగాణ దళితులకు మూడెకరాల పథకం పెట్టినప్పుడు భూమి స్త్రీ పేరునే రాయించింది. 2007 జాతీయ రైతు విధానం కౌలుదార్లను, కూలీలను కూడా రైతులుగానే నిర్వచించింది. ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల బిల్లు పెట్టారు. అది చర్చకు నోచుకోకుండానే మురిగిపోయింది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పట్టాలు భార్యాభర్తల ఉమ్మడి పేరున ఉండాలి. యజమాని సంతకంతో పనిలేకుండా, గ్రామసభ సాక్ష్యంతో సాగుదారును నమోదు చేయాలి. వితంతువుకు పట్టా మార్పు తేలేదాకా సాయం ఆపకూడదు.

అడగడానికి ముందు మనం చేయగల పని ఒకటుంది. మన సంఘాలున్న ప్రతి ఊళ్ళో ఏ చేను ఎవరు చేస్తున్నారో, కాగితం ఎవరి పేరున ఉందో, డబ్బు ఎవరు తీసుకున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకుందాం. ఆ జాబితాను గ్రామసభలో పెట్టి చదివిద్దాం. స్త్రీల పేర్లు రైతులుగా మొదట మన పుస్తకంలోకి ఎక్కితే, సర్కారు పుస్తకంలోకి ఎక్కించే పోరాటానికి ఆధారం దొరుకుతుంది.