ఉక్కు నగరంలో ఎవరి బెంచి ఎక్కడ?

ఒకప్పుడు కంపెనీ బడి కలిపిన పిల్లల్ని ఇప్పుడు భిలాయిలో ఫీజులు, మార్కులు విడదీస్తున్నాయి

భిలాయి టౌన్‌షిప్‌లో చిరునామా అంటే మూడే ముక్కలు. సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరు. ఆ మూడూ తెలిస్తే ఇంటిపెద్ద హోదా ఏమిటో పిల్లలు సైతం ఇట్టే పోల్చుకోగలరు. కానీ పొద్దున్నే బడి గంట కొట్టేసరికి ఆ తేడా కాస్తయినా పక్కకు తప్పుకునేది. ఫర్నేస్ దగ్గర చెమటోడ్చే కార్మికుడి కొడుకూ, అదే విభాగాన్ని అజమాయిషీ చేసే ఇంజనీరు కూతురూ చాలాకాలం కంపెనీ బడిలోనే చదువుకున్నారు. ఆ ఊరి గురించి పాతవాళ్లు గొప్పగా చెప్పుకునే సంగతుల్లో ఇదొకటి.

సోవియెట్ యూనియన్‌తో ఒప్పందం మీద 1955 ఫిబ్రవరి 2న సంతకాలు జరిగాయి. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ మధ్యకాలంలోనే దేశం నలుమూలల నుంచీ జనం వచ్చిపడ్డారు. బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, బీహారీలు. వారితోపాటు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కిన తెలుగువాళ్లు. సెక్టార్ 5లో బాలాజీ గుడి, ఖుర్సీపార్, క్యాంప్ ఏరియాల్లో వీధి వీధినా వినిపించే తెలుగు ఆ వలసకు గుర్తులు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, క్లాసులో ఇంగ్లీషు. ఇలా పెరిగిన పిల్లలకు 'మీదే ఊరు?' అన్న ప్రశ్నకు సమాధానం వెతుక్కోవడం కాస్త కష్టమే. అయినా ఆ తరానికి బడి ఒక ఊరిని ఇచ్చింది.

అయితే, ఆ బడి గోడ బయట ఎవరున్నారన్నది ఎవరూ అంతగా పట్టించుకోని విషయం. కర్మాగారానికి, టౌన్‌షిప్‌కు పదుల గ్రామాల భూములు పోయాయి. ఛత్తీస్‌గఢీ మాట్లాడే రైతు కుటుంబాల్లో కొందరికి ప్లాంటులో ఉద్యోగాలు దొరికాయి, కొందరు దినకూలీలుగా మిగిలారు. పర్మనెంట్ కార్మికుడితో సమానంగా ఎండలో నిలబడే కాంట్రాక్టు కూలీకి జీతం కొన్ని రెట్లు తక్కువ, క్వార్టరు లేదు, కంపెనీ బడిలో బిడ్డకు సీటు హక్కుగా రాదు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ-రాజహరా గనుల్లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన ఏర్పడ్డ కార్మిక సంఘం ఆస్పత్రితోపాటు బడులు కూడా పెట్టుకోవాల్సి వచ్చిందంటే కారణం ఇదే. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే హత్యకు గురయ్యారు. కాంట్రాక్టు కార్మికుల పిల్లల చదువు సమస్య మాత్రం అక్కడే ఉండిపోయింది.

1980ల మధ్యలో 60 వేలు దాటిన ప్లాంటు పర్మనెంట్ ఉద్యోగుల సంఖ్య ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో సగానికి పైగా పడిపోయింది. ఉద్యోగులు తగ్గితే కంపెనీ బడుల్లో పిల్లలూ తగ్గుతారు. కొన్ని బడులు మూతపడ్డాయి, కొన్ని పక్కవాటిలో కలిసిపోయాయి. ఆ ఖాళీలోకి ప్రైవేటు స్కూళ్లు వచ్చాయి. నెహ్రూ నగర్ నుంచి రిసాలీ దాకా పసుపు బస్సులు తిరగడం మొదలైంది. స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని అటు పంపారు. మిగతావాళ్లు అప్పుచేసి పంపారు. ఇంజనీరు కూతురూ కార్మికుడి కొడుకూ విడిపోయింది ఇక్కడే. దీనికి ఎవరూ జీవో జారీ చేయలేదు.

వాళ్లను మళ్లీ కలిపే పని చట్టం నెత్తిన పడింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రైవేటు స్కూళ్లు తొలి తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలంది. యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 2014లో మైనారిటీ విద్యాసంస్థలకు పూర్తి మినహాయింపు దొరికింది. చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోవడం వల్ల తొమ్మిదో తరగతి గుమ్మంలో పిల్లలు ఫీజు కట్టలేక వెనుదిరిగే పరిస్థితి ఉండేది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో ఈ వెసులుబాటును 12వ తరగతి వరకు పొడిగించింది. చాలా రాష్ట్రాలు చేయని పని అది, మెచ్చుకోవలసిందే. ఆ మెప్పు మీద డబ్బు దగ్గర కాస్త నీళ్లు చల్లాల్సి వస్తోంది. ఒక్కో బిడ్డకు ప్రాథమిక స్థాయిలో ఏడాదికి రూ.7,000, ప్రాథమికోన్నత స్థాయిలో రూ.11,400 చొప్పున రాష్ట్రం ఏళ్ల తరబడి స్కూళ్లకు చెల్లిస్తూ వచ్చింది. అది చాలదన్నది యాజమాన్యాల గోడు. ఆ గోడులో నిజం లేకపోలేదు. కానీ ప్రభుత్వం మీద కోపం చివరికి ఎవరి డెస్కు మీద వాలుతుందో ఊహించడం కష్టం కాదు.

సీటు రావడం వేరు, ఆ క్లాసు తనదనిపించడం వేరు. ఫీజు మాఫీ అయినా విహారయాత్రకు డబ్బు కావాలి. వార్షికోత్సవం డ్రెస్సుకు, ప్రాజెక్టుకు తెచ్చే రంగు కాగితాలకు, పుట్టినరోజున పంచే చాక్లెట్లకు డబ్బు కావాలి. హోంవర్కు ఫోన్లో వస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో షిఫ్టుకు వెళ్లిపోతుంది. డైరీలో ఇంగ్లీషులో రాసి పంపిన రెండు వాక్యాలు చదివిపెట్టేవాళ్లు ఇంట్లో ఉండరు. పిక్నిక్ రోజున 'కడుపునొప్పి' అని బడి మానేసే పిల్లవాడి జబ్బు ఏ డాక్టరుకూ దొరకదు. టీచర్ల గదిలో 'ఆర్టీఈ పిల్లలు' అన్న మాట అలవాటుగా దొర్లితే చాలు, ఆ ముద్ర సాయంత్రానికల్లా ఆటస్థలంలోకి చేరిపోతుంది. పిల్లలకు చెవులు పెద్దవి.

ఇక్కడో విచిత్రం. భిలాయి పక్కనే ఉన్న గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్ బాయి పండవానీ పాడి పద్మవిభూషణ్ దాకా వెళ్లారు. స్టీల్ ప్లాంటు ఆమెకు ఉద్యోగం ఇచ్చి గర్వపడింది. వార్షికోత్సవ వేదిక మీద ఛత్తీస్‌గఢీ పాటకు చప్పట్లు కొట్టని స్కూలు ఉండదు. అదే భాష మర్నాడు క్లాసులో ఒక బిడ్డ నోట వస్తే మాత్రం 'సరిగ్గా మాట్లాడు' అంటారు. క్యాంప్ ఏరియా తెలుగు పిల్లవాడి యాసకూ దాదాపు ఇదే మర్యాద.

ఫీజు కట్టి చదివే పిల్లలు హాయిగా ఉన్నారనుకుంటే అదీ పొరపాటే. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయిలో మకాం వేసి పరిశోధన చేశారు. ఆ ఊళ్లో ఆత్మహత్యల మీద 2012లో ఆయన ప్రచురించిన వ్యాసం చెప్పిన సంగతి కలవరపెట్టేదే. లెక్కలను గుడ్డిగా నమ్మొద్దని, ఇతర చోట్లతో పోలిస్తే భిలాయి సమస్యను ఎక్కువచేసి చూపుతున్నారని హెచ్చరిస్తూనే, రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యలు బాగా పెరిగాయని, అదీ నిరుపేదల్లోకన్నా ప్లాంటు పర్మనెంట్ ఉద్యోగుల కుటుంబాల్లో ఎక్కువని ఆయన తేల్చారు. తండ్రికి దొరికిన నౌకరీ కొడుక్కి దొరకదు. మెట్టు దిగిపోతామన్న భయం ఆ ఇళ్లలో రాత్రిపూట కూడా నిద్రపోదు. ఆ భయం తెల్లారి స్కూలుబ్యాగులోకి ఎక్కుతుంది. ఐఐటీ కోచింగ్‌కు ఒకప్పటి నుంచీ పేరున్న ఈ ఊరి పక్కనే ఇప్పుడు ఐఐటీ కూడా ఉంది. 2016లో మొదలైన ఐఐటీ భిలాయి శాశ్వత క్యాంపస్‌ను 2024లో ప్రధాని ప్రారంభించారు. ఉక్కు నగరం పిల్లవాడికి ఆ గేటు కళ్లముందే కనబడుతుంటుంది, అందడం వేరే సంగతి.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మరుసటి ఏడాది ఆ సంఖ్య 13,892కి చేరింది. అన్ని వయసుల వారినీ కలిపి చూస్తే 2022లో లక్ష జనాభాకు దేశ సగటు 12.4 కాగా ఛత్తీస్‌గఢ్‌లో 28.2.

స్కూళ్లను కదిలించాల్సిన ఆదేశం తెలుగు నేల నుంచే మొదలైంది. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పశ్చిమబెంగాల్ బాలిక మరణించింది. ఆమె తండ్రి పోరాటం సుప్రీంకోర్టుకు చేరింది. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి, అన్ని విద్యాసంస్థలకూ వర్తించేలా 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది, అంతకుమించి విద్యార్థులుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. బలహీన వర్గాల, వైకల్యమున్న పిల్లల పట్ల వివక్ష లేకుండా సిబ్బందికి తర్ఫీదు ఇవ్వాలి. టెలీమానస్ వంటి హెల్ప్‌లైన్ల నంబర్లు అందరికీ కనిపించేలా రాయించాలి. ఆ నంబరు 14416.

కౌన్సెలర్ సంగతి కొత్తదేమీ కాదు. సీబీఎస్ఈ 2018 నిబంధనల్లోనే ఉంది. కౌన్సెలర్ అని పేరుపెట్టి వారానికి ఇరవై పీరియడ్లు అంటగడితే ఆ గది తలుపు తట్టడానికి ఏ పిల్లవాడికీ వేళ దొరకదు. ఫిర్యాదు నేరుగా ప్రిన్సిపాల్‌కు చేరుతుందన్న అనుమానం ఉన్నచోట దొరికినా తట్టడు. అన్నిటికన్నా చౌకైన సంస్కరణ సెక్షన్లది. ఎ సెక్షన్ తెలివైనవాళ్లకు, డి సెక్షన్ మిగతావాళ్లకు అన్న పద్ధతి మానడానికి పైసా ఖర్చు లేదు. అయినా అన్నిటికన్నా మొండిగా నిలిచేది అదే. ఎందుకంటే ర్యాంకుల ఫ్లెక్సీ ఎ సెక్షన్‌లోనే తయారవుతుంది. ఉచిత సీటు పిల్లలు ఎక్కువగా ఏ సెక్షన్‌లో తేలుతారో చెప్పనక్కర్లేదు. ఇంట్లో ట్యూషన్ పెట్టించలేనివాళ్ల బిడ్డలు, ఇంగ్లీషు రాని ఇంటి బిడ్డలు, చదవడంలో ఇబ్బంది ఉన్నా ఎవరూ గుర్తించని బిడ్డలు అందరూ ఒకే గదికి చేరతారు. మార్కులు కొలిచామంటారు గానీ, కొలిచింది తండ్రి జేబునే.

మార్గదర్శకాల అమలును చూసేందుకు జిల్లా కలెక్టర్ల అధ్యక్షతన కమిటీలు వేయాలని కూడా కోర్టు చెప్పింది. దుర్గ్ జిల్లాలో అలాంటి కమిటీ ఏదైనా భిలాయి స్కూలు గేటు దాటినప్పుడు గోడమీది నినాదాలు చదవడంతో సరిపెట్టుకోకపోతే మంచిది. సెక్షన్ల వారీగా పిల్లల జాబితా ఒకటి, గత ఏడాది విహారయాత్రకు వెళ్లినవారి జాబితా ఒకటి, కౌన్సెలర్ టైంటేబుల్ ఒకటి అడగాలి. ఉచిత సీటు పిల్లల పేర్లు మొదటి రెండింటిలో ఎక్కడున్నాయో చూడటానికి పది నిమిషాలు చాలు.