పాత హైబ్రిడ్ కారు, నల్గొండ దుబ్బ, ఎవరూ చదవని ఎర్రర్ కోడు

హైబ్రిడ్ కారు మాటెత్తగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "బ్యాటరీ పోతే ఎట్లా?" ఆఫీసు క్యాంటీన్లో అడుగుతారు, పెళ్ళి భోజనాల దగ్గర అడుగుతారు, సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు అయితే పదిసార్లు అడుగుతారు. అడగాల్సిందే, కాదనను. కానీ పాత హైబ్రిడ్లు మూలపడటానికి బ్యాటరీ కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. బండి తన రోగమేంటో తనే చెప్తుంటుంది. అది చదివే మనిషి హైదరాబాదు దాటితే దొరకడు. ఈ టపాలో చెప్పదలుచుకున్నది అంతే. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

ముందు కాస్త చరిత్ర. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ వచ్చింది, 2010లో టొయోటా ప్రియస్ వచ్చింది. రెండూ ఖరీదెక్కువ, అమ్ముడుపోయింది తక్కువ. 2013లో కామ్రీ హైబ్రిడ్‌ని బెంగుళూరు పక్కన బిడదిలోనే తయారుచేయడం మొదలుపెట్టాక రోడ్ల మీద కొంచెం కనపడ్డాయి. (2015లో వచ్చిన మారుతి సియాజ్ ఎస్‌హెచ్‌వీఎస్ లాంటివి ఈ లెక్కలోకి రావు. వాటిలో మోటారు ఇంజనుకి చేయి సాయం మాత్రమే, ఒంటరిగా బండిని నడపలేదు.) అసలు జోరు 2022లో వచ్చింది: సిటీ ఈ‌హెచ్‌ఈవీ, హైరైడర్, గ్రాండ్ విటారా, ఆ వెంటనే ఇన్నోవా హైక్రాస్. టొయోటా హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. అంటే 2022లో కొన్న బండికి 2030లో అది అయిపోతుంది. అప్పుడు ఆ బండి ఎక్కడికి పోతుంది? హైదరాబాదులో మొదటి ఓనరు కొత్తది కొనుక్కుంటాడు. పాతది మిర్యాలగూడకి, దేవరకొండకి, జడ్చర్లకి, వనపర్తికి వస్తుంది. అంబాసిడర్ నుంచి క్వాలిస్ దాకా అన్నీ అట్లాగే వచ్చాయి, ఇవీ వస్తాయి.

కొన్ని అప్పుడే వచ్చేశాయి కూడా. మిర్యాలగూడలో మా బావ ఒక పాత కామ్రీ హైబ్రిడ్ కొన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం నార్కట్‌పల్లి దాటగానే "హైబ్రిడ్ సిస్టం చెక్ చేయించండి" అని వార్నింగు వెలిగింది. హైదరాబాదులో ఒక సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే, మొత్తం బ్యాటరీ ప్యాకు మార్చాలని లక్షల్లో ఎస్టిమేట్ ఇచ్చారు. ఊర్లో ఎప్పుడూ చూపించే మేస్త్రీ దగ్గరికి పోతే ఆయన నిజాయితీగా చెప్పాడు: "సార్, ఇంజను నాకు ఎరుకే, గేరుబాక్సు ఎరుకే. గీ నారింజ వైర్లు మాత్రం ముట్టుకోను. నాకు తెల్వని పని, పానం మీదికొస్తది." చివరికి స్కానర్ ఉన్న ఇంకో అతను కోడు చదివాడు. పి0ఏ82. దాని అర్థం బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను సరిగ్గా పనిచేయడం లేదని. ప్యాకు మార్చాలని చెప్పే కోడు పి0ఏ80. చివరి అంకె తేడా! ఫ్యాను విప్పి చూస్తే దుబ్బ, దూది పీచు గట్టిగా పేరుకుని ఉన్నాయి. శుభ్రం చేశారు, ప్యాకులో బ్లాకుల వోల్టేజీలన్నీ కొలిచి చూశారు, సమానంగానే ఉన్నాయి. బండి తిరుగుతోంది.

ఇదొక్కటే చూసి "హైబ్రిడ్ అంటే దుమ్ము దులిపితే చాలు" అని అనను. నిజంగా పోయేవీ ఉన్నాయి. నాకు తెలిసినంతలో పాత హైబ్రిడ్లలో మళ్ళీ మళ్ళీ కనపడేవి ఇవి:

1. పెద్ద బ్యాటరీ. ప్రియస్ రెండు, మూడు తరాల్లో 28 నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్ళు వరసగా కలిపి ఉంటాయి, మొత్తం 201.6 వోల్టులు. ఆ తరం కామ్రీలో 34 మాడ్యూళ్ళు, 244.8 వోల్టులు. వరసలో ఒక్కటి బలహీనపడితే మొత్తం జట్టు దాని వేగానికే నడవాలి. వీటికి పెద్ద శత్రువు వేడి. ఇవి కారు లోపలి ఏసీ గాలితోనే చల్లబడతాయి, ఆ గాలి పీల్చే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. దాని మీద బియ్యం సంచో, బ్యాగో పెట్టి మేలో 44 డిగ్రీల ఎండలో హైవే ఎక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇంకోటి, మాడ్యూళ్ళని కలిపే రాగి పట్టీలకి చిలుము పడితే కూడా కొలతలు తప్పొచ్చి బ్యాటరీ పోయినట్టే కనపడుతుంది. ఆ పట్టీలు తోమితే సరిపోయిన కేసులున్నాయి. అలాగే, పోయిన ఒక్క మాడ్యూలు మార్చి "అయిపోయింది" అనేవాళ్ళని పూర్తిగా నమ్మకండి. మిగతావీ అంతే పాతవి, కొన్ని నెలల్లో ఇంకోటి లేస్తుంది.

2. చిన్న బ్యాటరీ. హైబ్రిడ్లో మామూలు పన్నెండు వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. అది ఇంజను తిప్పదు, కంప్యూటర్లని బూట్ చేసి పెద్ద బ్యాటరీ రిలేలని కలుపుతుంది. అది నీరసించిందంటే డ్యాష్‌బోర్డు మీద సంక్రాంతి ముగ్గులా అన్ని లైట్లూ వెలుగుతాయి, బండి "రెడీ" అనదు. జనం గుండె జారిపోతుంది. ముందు దీని వోల్టేజీ చూడకుండా ఇంకేదీ విప్పనివ్వకండి.

3. ఇన్వర్టరు, దాని నీళ్ళ పంపు. బ్యాటరీ కరెంటుని మోటారుకి పనికొచ్చేలా మార్చేది ఇన్వర్టరు. చాలా టొయోటాల్లో ఇంజను రేడియేటరుతో సంబంధం లేకుండా దీనికి వేరే కూలెంటు, వేరే ఎలక్ట్రిక్ పంపు ఉంటాయి. రెండో తరం ప్రియస్‌లో ఈ పంపు సమస్యకి 2012లో రీకాల్ కూడా వచ్చింది. బండి "రెడీ"లో ఉన్నప్పుడు ఇన్వర్టరు కూలెంటు డబ్బాలో నీరు కదలాలి. కదలకపోతే పంపు పోయినట్టే. ఇక్కడ మా జిల్లాకి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. కూలెంటు తగ్గితే బోరు నీళ్ళు పోయడం మనకి అలవాటు. నల్గొండ బోరు నీళ్ళ సంగతి లోకానికంతా తెలుసు. ఫ్లోరైడు ఒక్కటే కాదు, ఉప్పదనం కూడా ఎక్కువ. పాత డీజిల్ రేడియేటరు ఎట్లాగో తట్టుకుంటుంది. ఇన్వర్టరు లోపలి సన్నటి దారుల్లో సున్నం పట్టిందంటే ఖరీదైన పెట్టె వేడెక్కి కాలిపోతుంది.

4. ఇంజను. అవును, హైబ్రిడ్లో కూడా ఇంజను పోతుంది! మూడో తరం ప్రియస్‌లో ఈజీఆర్ కూలరు మసితో మూసుకుపోవడం, ఆ తర్వాత హెడ్ గ్యాస్కెట్ పోవడం బాగా పేరుపడ్డ జబ్బు. పొద్దున్నే మొదటిసారి ఇంజను లేచినప్పుడు బండి గడగడ వణకడం, ఎక్కడా కారకుండానే కూలెంటు తగ్గడం దాని గుర్తులు. ఈ దశలో పట్టుకుంటే గ్యాస్కెట్టుతో పోతుంది, పట్టుకోకపోతే ఇంజనే.

5. గేరుబాక్సు. టొయోటా హైబ్రిడ్లో ఉన్నది బెల్టు లేని, క్లచ్ లేని గ్రహచక్రాల పెట్టె, చాలా గట్టిది. అయితే మోటారు చుట్టలు ఆ ఆయిల్లోనే ఉంటాయి కాబట్టి ఏ ఆయిలు పడితే అది పోయకూడదు. సివిక్ హైబ్రిడ్‌ది వేరే కథ, అందులో ఉన్నది బెల్టు సీవీటీ. ఈ రెంటినీ ఒకటే అనుకునే మెకానిక్ దగ్గర బండి వదలొద్దు.

ఈ లిస్టు ఒకసారి మళ్ళీ చూడండి. సగం జబ్బులు మొదట్లో చవకవే. దుమ్ము, చిలుము, చిన్న బ్యాటరీ, పంపు. ఆలస్యమైతేనే లక్షలు. ప్రొడక్షన్లో సర్వరు పడిపోతే లాగ్ చదవకుండా "మొత్తం హార్డువేరు మార్చండి" అనే ఇంజనీరుని మనం టీములో ఉంచుకుంటామా? కార్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలూపి చెక్కు రాస్తాం.

సాఫ్టువేరు వాళ్ళం కాబట్టి ఇంకో సంగతి. 2014 ఫిబ్రవరిలో టొయోటా ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల ప్రియస్‌లని రీకాల్ చేసింది. కారణం, ఇన్వర్టరు ట్రాన్సిస్టర్లు వేడెక్కేలా చేస్తున్న కంట్రోలు సాఫ్టువేరు. 2018 అక్టోబరులో మళ్ళీ 24 లక్షల హైబ్రిడ్లు. ఈసారి ఏదైనా తేడా వస్తే మెల్లగా నడిచే ఫెయిల్‌సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాల్సిన బండి, కొన్ని సందర్భాల్లో వెళ్ళకుండా పవరు పోగొట్టుకుంటోందని. రెండింటికీ మందు సాఫ్టువేరు అప్‌డేటే. పానా, స్క్రూడ్రైవరుతో సరయ్యే జబ్బులు కావవి. అంటే ఈ కారుని బాగుచేయడమంటే సగం మన వృత్తే. మరి ఆ సగం ఎవరి చేతిలో ఉంది?

దీనికి సమాధానం 2014లోనే కాగితం మీద వచ్చింది. కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఆ ఏడాది ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి కలిపి దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలూ, డయాగ్నస్టిక్ పరికరాలూ బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నారన్నది అభియోగం. తర్వాత కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "రైట్ టు రిపేర్" మీద కమిటీ వేసింది, డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కానీ అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే ఇదే హక్కుకి ఓటేసి చట్టం తెచ్చుకున్నారు. అక్కడ ఉన్న మనవాళ్ళు పాత ప్రియస్ కొనుక్కుని, డీలరు కాకపోతే ఇంకో హైబ్రిడ్ షాపు అని ధీమాగా తిరుగుతున్నారంటే దాని వెనక అలాంటి హక్కు ఉంది. అదే బండి, అదే కోడు. నల్గొండలో మాత్రం దిక్కు లేదు.

కంపెనీల వాదన ఒకటుంది: ఇది హై వోల్టేజీ, ప్రమాదం, అందరికీ తెరిచి ఇవ్వలేం అని. సగం నిజం. 200 వోల్టుల డీసీ మనిషిని చంపుతుంది. సర్వీసు ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ అవడానికి కనీసం పది నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా అని చూసుకుని, 1000 వోల్టుల రేటింగు ఉన్న రబ్బరు గ్లౌజులు వేసుకుని గానీ నారింజ వైరు ముట్టుకోకూడదు. అయితే ఈ నాలుగు ముక్కలు నేర్పకుండా దాచిపెడితే ప్రమాదం పెరుగుతుందా, తగ్గుతుందా? మా బావ మేస్త్రీ భయపడి ఆగాడు, తెలివైనవాడు. పక్క షెడ్డులో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆగకపోవచ్చు.

"ఇంకెన్నాళ్ళు హైబ్రిడ్లు, అన్నీ ఎలక్ట్రిక్ అయిపోతాయిగా" అనే మిత్రులకి కూడా ఒక మాట. ఎలక్ట్రిక్ కారులో ఉండేవీ ఇవే: ఇన్వర్టరు, హై వోల్టేజీ ప్యాకు, కూలెంటు పంపు, సాఫ్టువేరు. హైబ్రిడ్ మీద నేర్చుకున్న చెయ్యి ఎక్కడికీ పోదు.

పాలమూరు సంగతి చూడండి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్ళలో 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. సంతోషమే. కానీ బ్యాటరీ సెల్ తయారు చేస్తామంటున్న జిల్లాలోనే, ఉన్న బ్యాటరీ ప్యాకుని కొలిచి చెప్పగల షెడ్డు కోసం వంద కిలోమీటర్లు పోవాల్సి రావడం నాకు మింగుడుపడటం లేదు. 2024లో రాష్ట్రంలో 65 ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామని ప్రభుత్వం మొదలుపెట్టింది. ఆ క్లాసురూముల్లో ఇరవయ్యేళ్ళ పిల్లలతో పాటు నలభై అయిదేళ్ళ మేస్త్రీలకి కూడా సాయంత్రం పూట ఒక బెంచీ వేయాలి. తెలుగులో చెప్పాలి. గ్లౌజులు, స్కానరు చేతికిచ్చి నేర్పాలి.

ఫ్లోరైడు నీళ్ళకి నీరి శాస్త్రవేత్తలు ఒకప్పుడు పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతి తయారుచేస్తే దానికి "నల్గొండ టెక్నిక్" అని పేరొచ్చింది. గొప్ప యంత్రాలేం లేవు అందులో, ఊర్లో దొరికే సరుకుతో ఊరివాళ్ళు చేసుకోగల పద్ధతి. పాత హైబ్రిడ్లకి కూడా అట్లాంటి టెక్నిక్కే కావాలి: చిన్న బ్యాటరీ కొలువు, ఫ్యాను చూడు, కూలెంటు కదులుతోందా చూడు, కోడు చదువు, బ్లాకు వోల్టేజీలు రాసుకో, ఆ తర్వాతే ప్యాకు మాటెత్తు. ఒక అట్ట మీద తెలుగులో అచ్చేసి షెడ్డు గోడకి తగిలించగలిగినంతది.

సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొనబోయేవాళ్ళు "బ్యాటరీ పోతే ఎట్లా" అని అడగడం మానక్కర్లేదు. దాంతో పాటు "కోడు ఏమొచ్చింది, కాగితం మీద రాసివ్వండి" అని కూడా అడగండి. మనం అడగడం మొదలుపెడితేనే చదివేవాళ్ళు తయారవుతారు. 2030కి ఇంకెన్నో ఏళ్ళు లేవు.